దుభాషి దరఖాస్తు

గుండీకి ఆ పేరు పెట్టింది వాళ్ల నాన్న. రెండేళ్ల వయసులో ఆయన కుట్టుమిషను కింద పడి ఉన్న చొక్కా గుండీ ఒకటి మింగి, మూడు రోజుల పాటు ఇంటిల్లిపాదినీ హడలగొట్టింది. నాన్నకి పుట్టినప్పటి నుంచీ వినపడదు. సైగల భాషలో మనిషి పేరంటే ఒక గుర్తు. మెడ దగ్గర రెండు వేళ్లతో గుండీ పెట్టుకుంటున్నట్టు ఆయన చూపించేవాడు. అదే పేరుగా స్థిరపడిపోయింది. సర్టిఫికెట్ల మీద ఉన్న పేరు సంతకం పెట్టేటప్పుడు తప్ప ఆమెకే గుర్తు రాదు.

మాటలు వచ్చిన నాటి నుంచి ఆమే నాన్నకి నోరు. బట్టల కొట్టుకి, డాక్టరు దగ్గరికి, ఇంటాయన దగ్గరికి ఎక్కడికి వెళ్లినా ఆయన చేతులు ఆడించడం, ఆమె దాన్ని మాటల్లో పెట్టడం. ఎనిమిదో ఏట బడిలో టీచరు నాన్నని పిలిపించి, మీ అమ్మాయి వసపిట్టలా వాగుతోంది, పక్కవాళ్లని చదువుకోనివ్వడం లేదు అని ఫిర్యాదు చేసింది. ఆ ఫిర్యాదుని నాన్నకి సైగల్లో చెప్పాల్సింది కూడా గుండీయే. అమ్మాయి చాలా చురుగ్గా ఉందంటున్నారు అని చెప్పింది. నాన్న టీచరు మొహం ఒకసారి, కూతురి మొహం ఒకసారి చూసి తలూపాడు. ఇంటికి వచ్చాక మాత్రం, "అంత చురుకైన పిల్లని మెచ్చుకునేటప్పుడు ఆవిడ ముక్కుపుటాలు ఎందుకు అదిరాయంటావ్?" అని అడిగాడు. ఆ తర్వాత గుండీ ఎవరి మాటనీ మార్చి చెప్పలేదు.

ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేసరికి అదే ఆమె ఉద్యోగం. విశ్వవిద్యాలయంలో వినపడని విద్యార్థులకి దుభాషి. నాలుగేళ్లుగా ఒకే ఒక్క విద్యార్థిని, ఒకే ఒక్క విభాగం. ఆ అమ్మాయి నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది కాబట్టి ఆమె సైగ పేరు సొట్టబుగ్గ. చదివేది మట్టి గురించి. నేల ఎలా ఏర్పడుతుంది, నీటిని ఎలా పట్టుకుంటుంది, ఎందుకు వదిలేస్తుంది, ఇవీ పాఠాలు. గుండీ నల్లబల్ల పక్కన ముదురు రంగు చొక్కా వేసుకుని నిలబడేది, చేతులు స్పష్టంగా కనిపించాలని. ప్రొఫెసరు నోట్లోంచి ఏది వస్తే అది చేతుల్లోకి, సొట్టబుగ్గ చేతుల్లోంచి ఏది వస్తే అది తన నోట్లోకి. సొట్టబుగ్గ తరఫున మాట్లాడేటప్పుడు "ఆమె అడుగుతోంది" అనకూడదు, "నేను అడుగుతున్నాను" అనాలి. సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు, ఉన్న మాట ఒక్కటి కూడా మింగకూడదు. అది ఆ వృత్తి నియమం.

ఆ నియమానికి పెద్ద పరీక్ష మొదటి ఏడాదిలోనే వచ్చింది. ఎన్నిసార్లు చెప్పినా క్లాసుకి ఒక లెక్క అర్థం కాక ప్రొఫెసరు గారికి విసుగెత్తి, మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది అనేశాడు. అన్నాక నాలుక్కరుచుకున్నాడు. క్లాసంతా గుండీ చేతుల కేసే చూసింది. ఆమె ఆ సామెతని పొల్లు పోకుండా సైగల్లో చెప్పింది. సొట్టబుగ్గ క్షణం ఆలోచించి బదులిచ్చింది. గుండీ గొంతు సవరించుకుని, "నాకైతే శంఖం ఊదేవాళ్ల బుగ్గలు చూడ్డం మహా సరదా సార్, ఇంకోసారి ఊదండి" అంది. అందరికంటే గట్టిగా నవ్వింది ప్రొఫెసరే. ఆ రోజు నుంచి ఆయనకి ఆ ఇద్దరూ అంటే ప్రత్యేకమైన అభిమానం.

చివరి ఏడాది సగంలో ఆయన పీజీ ప్రవేశాల గురించి క్లాసులో చెప్పాడు. దరఖాస్తు, ఒక సిఫార్సు ఉత్తరం, ఈ చదువు ఎందుకు కావాలో చెప్పే రెండు పేజీల వ్యాసం, ఆపైన ఇంటర్వ్యూ. సీట్లు పన్నెండే. డిగ్రీలో ఏదో ఒక సైన్సు చదివి ఉంటే చాలు. గుండీ అదంతా సొట్టబుగ్గకి చేరవేసింది. తనకీ పదహారేళ్ల కిందట కెమిస్ట్రీలో డిగ్రీ వచ్చింది, అత్తెసరు మార్కులతో. అది ఆ క్షణంలో ఆమెకి తట్టనైనా తట్టలేదు.

తట్టింది సొట్టబుగ్గకి, ఆ తర్వాతి వారం. నేలలో గట్టి పదార్థం ఎంత, ఖాళీలు ఎంత అన్న లెక్క చేస్తూ ప్రొఫెసరు ఖాళీలు నూటికి నలభై తొమ్మిది అని బల్ల మీద రాశాడు. గుండీ చేతులు గాల్లో ఆగిపోయాయి. ఏమైందని సొట్టబుగ్గ కనుబొమ్మలెత్తింది. ఏమీ లేదని గుండీ తల అడ్డంగా ఊపి, ఆయన చెప్పింది చెప్పినట్టే నలభై తొమ్మిది అని చూపించింది. కానీ నాలుగేళ్లుగా చూస్తున్న చేతులవి. సొట్టబుగ్గ తన కాగితం మీద లెక్క మళ్లీ వేసుకుంది. నలభై తొమ్మిది గట్టి పదార్థం, ఖాళీలు యాభై ఒకటి. చెయ్యెత్తి అడిగింది. ప్రొఫెసరు తప్పు దిద్దుకుని, ఇంతమందిలో ఒక్కరైనా మెలకువగా ఉన్నారని మెచ్చుకున్నాడు.

క్లాసు అయ్యాక సొట్టబుగ్గ గుండీని మెట్ల దగ్గర ఆపింది.

"ఆ మెప్పు నాది కాదక్కా. నీకు ముందే తెలిసిపోయింది."

"తెలిస్తే మటుకు? చెప్పడం నా పని కాదుగా."

"అయితే చెప్పడం పనిగా ఉండే చోట కూర్చో. నాతో పాటు నువ్వూ దరఖాస్తు పెట్టు."

గుండీ నవ్వి కొట్టిపారేసింది. ముసలితనంలో ముచ్చట్లా అంది. కానీ ఇంటికి నడిచే దారిలో ఎవరో ఇల్లు కట్టడానికి తవ్విన పునాది గొయ్యి దగ్గర, ఎప్పటిలాగే, ఆగిపోయింది. పైన జానెడు నల్లటి పొర, దాని కింద ఇటుకరంగు, ఆ రెంటి మధ్య తొక్కి తొక్కి రాయిలా అయిపోయిన ఒక గీత. రేపు వాన పడితే నీళ్లు అక్కడే ఆగుతాయని తనకి తెలుసు. మూడేళ్లుగా ఇలా గోతుల్లోకి తొంగి చూస్తూ ఎన్ని బస్సులు వదులుకుందో లెక్కలేదు. ఇది కేవలం ఉద్యోగమే అయితే సెలవు రోజున కూడా గోతుల్లోకి ఎవరు చూస్తారు?

దరఖాస్తు పెట్టాలని ఉందని నాన్నతో చెప్పినప్పుడు ఆయన కాలరు కుడుతున్నాడు. మిషను ఆపకుండానే, మరి ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావ్ అన్నట్టు భుజాలెగరేశాడు.

ప్రొఫెసరు గారు సిఫార్సు ఉత్తరం రాయడానికి వెంటనే ఒప్పుకున్నాడు. తన పాఠాలన్నీ ఒక్క రోజు కూడా ఎగ్గొట్టకుండా, కునుకు తియ్యకుండా విన్న మనిషి ఈమె ఒక్కతేనని రాస్తానన్నాడు. చిక్కంతా వ్యాసం దగ్గర వచ్చింది. గుండీ వారం కూర్చుని రెండు పేజీలు రాసి ఆయనకి చూపించింది. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. వినపడని విద్యార్థులకి సైన్సు పాఠాల అవసరం గురించి బాగుంది, సాంకేతిక పదాలకి కొత్త సైగలు తయారుచెయ్యడం గురించీ బాగుంది. "ఇందులో మీరెక్కడ ఉన్నారమ్మా?" అని అడిగాడు.

మరో రెండుసార్లు తిరగరాసింది. రెండుసార్లూ సొట్టబుగ్గ కథే వచ్చింది, లేకపోతే నాన్న కథ.

ఆ ఆదివారం మధ్యాహ్నం సొట్టబుగ్గ గుండీ ఇంటికి వచ్చింది. కిటికీ పక్కన నాన్న బట్ట కత్తిరించే పెద్ద బల్ల ఉంది. దాని మీది ముక్కలన్నీ పక్కకి నెట్టి, కాగితాలు పెట్టుకుని కూర్చుంది. నువ్వు సైగల్లో చెప్పు, నేను రాస్తాను, నాలుగేళ్ల బాకీ తీరుస్తాను అంది. గుండీ మొదలుపెట్టింది. సైగల్లో నేను అనాలంటే వేలు తన గుండె మీద పెట్టుకోవాలి. ఆమె వేలు మాటిమాటికీ సొట్టబుగ్గ కేసే వెళ్తోంది. మూడోసారి అలా వెళ్లినప్పుడు సొట్టబుగ్గ కలం కింద పెట్టి, ఆ మణికట్టు పట్టుకుని వేలిని వెనక్కి తిప్పి గుండీ గుండెకే ఆనించింది. అలాగే కాసేపు పట్టుకుంది.

ఆ తర్వాత మాటలు కదిలాయి. పునాది గోతుల గురించి చెప్పింది. తమ వీధిలో చిన్న వానకే మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, అదే వాన అవతలి పాత తోటలో పది నిమిషాల్లో ఇంకిపోతుంది. మట్టి రెండు చోట్లా ఒకటే. బండ్లు, యంత్రాలు తొక్కిన నేల గొంతు మూసుకుపోయింది. దాని గొంతు మళ్లీ తెరుచుకోవాలంటే ఎన్నేళ్లు పడుతుంది, ఏ మొక్క వేళ్లు ఆ పని చేస్తాయి, అది తెలుసుకోవాలని ఉంది. తన చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి కాబట్టి, నాలుగేళ్లలో అందరూ మట్టి పిసుకుతుంటే పక్కన నిలబడి వర్ణించడమే తప్ప ఒక్కసారి కూడా తాను ముట్టుకోలేదు. అది చెప్పేటప్పుడు ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సొట్టబుగ్గ చూసీ చూడనట్టు రాస్తూ పోయింది. నాన్న మిషను దగ్గర నుంచి అంతా చూస్తున్నాడు. మధ్యలో ఒక్కసారి, ఆ తోట పక్కన నీళ్లు నిలవకపోవడం తనూ గమనించానని సాక్ష్యం చెప్పాడు.

ప్రొఫెసరు ఈసారి కళ్లద్దాలు తియ్యలేదు. రెండు కామాలు దిద్ది ఇచ్చేశాడు.

దరఖాస్తులు రెండూ ఒకే రోజు వెళ్లాయి. అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. ఇంటర్వ్యూలో సొట్టబుగ్గకి దుభాషి కావాలి. గుండీ కూడా అవే సీట్లకి పోటీ పడుతోంది. దుభాషుల విభాగం సూపర్వైజరు ఉన్నమాట చెప్పేసింది. పోటీలో ఉన్న మనిషి ఇంకో అభ్యర్థి మాట మోయకూడదు, రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తే ఇద్దరికీ నష్టం. ఇంకొకరిని పిలుస్తాం. ఆ ఇంకొకరు నిమ్మళం గారు. యాభై దాటిన పెద్దమనిషి, ఆస్పత్రుల్లో, కోర్టుల్లో పని చేసినవాడు, తొందర అన్న మాట ఆయన నిఘంటువులో లేదు. మట్టి పదాలు ఆయనకి ఒక్కటీ తెలియవు. ఒండ్రు, బంకమట్టి, ఖాళీల వంతు లాంటి మాటలకి సొట్టబుగ్గా, గుండీ కలిసి నాలుగేళ్లలో కల్పించుకున్న సైగలు రెండొందల పైచిలుకు ఉన్నాయి. అవి ప్రపంచంలో మరెవరికీ రావు.

గుండీకి ఆ రాత్రి నుంచి అన్నం సయించలేదు. పదహారేళ్లు ఆగిన దాన్ని ఇంకో రెండేళ్లు ఆగలేనా అనుకుంది. నాలుగో రోజు ఆఫీసుకి వెళ్లి, దరఖాస్తు వెనక్కి తీసుకునే ఫారం తెచ్చుకుంది. నింపి సంచిలో పెట్టుకుంది. ఇవ్వబోయే ముందు సొట్టబుగ్గకి చెప్పాలనిపించింది.

ప్రయోగశాల బయట, మట్టి నమూనాలు ఆరబెట్టే రేకు పళ్లేల పక్కన నిలబడి చెప్పింది. సొట్టబుగ్గ మొహం నల్లబడింది. ఆమె చేతులు అంత కటువుగా కదలడం గుండీ ఎన్నడూ చూడలేదు.

"నా కోసం మానేశానని బతికినంత కాలం నా నెత్తిన పెడతావా అక్కా? నేను అడిగానా?"

"నిమ్మళం గారికి ఆ మాటలు రావు. నీ సీటు పోతే?"

"రాకపోతే నేర్పుకుంటాను. నీకు పుట్టుకతో వచ్చాయా? ఇద్దరం కలిసి తయారు చేసుకోలేదూ? నాకు దుభాషి కావాలి గాని, కాపలా అక్కర్లేదు."

అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. సైగల్లో మాట్లాడే మనిషి వెనక్కి తిరిగితే ఇక ఏం చెప్పినా చేరదు. గుండీ అక్కడే నిలబడిపోయింది.

ఇంట్లో నాన్నకి ఆ ఫారం చూపించింది. ఆయన చదివాడు, మడిచాడు, కత్తెర కింద పెట్టాడు. అప్పుడు చేతులు ఎత్తాడు. "చిన్నప్పటి నుంచీ నా మాటలన్నీ నీ చేత మోయించాను తల్లీ. నాకు వేరే దారి లేకపోయింది. ఆ పిల్లకి ఉంది. తప్పుకో, తన దారిన తను నడుస్తుంది." గుండీ ఫారాన్ని మళ్లీ సంచిలో పెట్టుకోలేదు.

తర్వాతి మూడు వారాలూ సొట్టబుగ్గ రోజూ సాయంత్రం గంటసేపు నిమ్మళం గారితో లైబ్రరీలో కూర్చుంది. గుండీతో మాటలు ముక్తసరిగానే నడిచాయి. ఒక రోజు నిమ్మళం గారే గుండీకి ఎదురొచ్చి, ఆ అమ్మాయి తనని చంటిపిల్లాడిలా దిద్దిస్తోందని, రాత్రి కలలో కూడా బంకమట్టే వస్తోందని మొరపెట్టుకున్నాడు. మొరలా లేదు, మురిపెంలా ఉంది.

ఇంటర్వ్యూ రోజున ముందు పిలుపు సొట్టబుగ్గకి వచ్చింది. గదికి అద్దాల తలుపు. గుండీ బయట బెంచీ మీద కూర్చుంటే లోపల నిమ్మళం గారి చేతులు కనిపిస్తున్నాయి. మూడో ప్రశ్నకే ఆయన ఒక పదం దగ్గర తడబడ్డాడు. గుండీ చేతులు వాటంతటవే లేచాయి. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. లోపల సొట్టబుగ్గ కంగారు పడలేదు. ఆయన్ని ఆగమని చెయ్యి చూపి, లేచి వెళ్లి, నల్లబల్ల మీద ఆ మాట రాసి కింద బొమ్మ గీసింది. ముగ్గురు పరీక్షకులూ ముందుకి వంగారు. ఆ తర్వాత సుద్దముక్క ఆమె చేతిలోనే ఉండిపోయింది. అది చూస్తుంటే గుండీకి ఎక్కడో చిన్నగా చివుక్కుమంది. ఆ వెంటనే గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

తన వంతు వచ్చింది. ఇన్నేళ్లలో వందల ఇంటర్వ్యూల్లో కూర్చుంది, ఒక్కటీ తనది కాదు. సిఫార్సు రాసినవాణ్ని కాబట్టి నేనేమీ అడగను అని ప్రొఫెసరు పక్కకి జరిగి కూర్చున్నాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు ఆమె వ్యాసం ముందు పెట్టుకుని, మూసుకుపోయిన నేల గురించి నాలుగు ప్రశ్నలు వేసింది. రెండింటికి చక్కగా చెప్పింది, ఒకదానికి సగం చెప్పింది, నాలుగోది తెలియదంది. అప్పుడావిడ ఒక పళ్లెంలో మట్టిగడ్డ, గ్లాసుతో నీళ్లు ముందుకి జరిపి, ఇదేం మట్టో చేత్తో చూసి చెప్పమంది.

"నేను దీన్ని ఎప్పుడూ చెయ్యలేదండీ. చేస్తుంటే చూశాను, చెప్పాను. అంతే."

"అయితే ఇప్పుడు చెయ్యండి. తొందరేం లేదు."

గుండీ గడ్డని చిదిమింది. నీటిచుక్కలు వేసి పిసికింది. ఇంతకాలం మాటగా తెలిసింది చర్మానికి తగులుతోంది. ముద్దచేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీసింది. రెండంగుళాలు కాకుండానే తెగింది. బంక ఉంది గాని పూర్తి బంకమట్టి కాదని, వేళ్ల మధ్య ఇసుక గరగర బాగా తగులుతోందని చెప్పింది. పరీక్షకురాలు ఇసుక కాస్త ఎక్కువ చెప్పారంది, మొదటిసారికి ఫర్వాలేదంది. చేతులు కడుక్కోవడానికి నీళ్లెక్కడున్నాయో చూపించింది. గుండీ వెంటనే కడుక్కోలేదు. బెంచీ మీద కూర్చున్న సొట్టబుగ్గకి ఆ చేతులు అలాగే చూపించింది. ఎండిపోయి తెల్లగా పగుళ్లు దేరిన ఆ వేళ్లని చూసి సొట్టబుగ్గ, మూడు వారాల్లో మొదటిసారి, సొట్ట పడేలా నవ్వింది.

ఫలితాలు వచ్చాయి. సొట్టబుగ్గది మూడో పేరు. గుండీ పేరు పన్నెండులో లేదు, వెయిటింగ్ లిస్టులో రెండోది. అనుకున్నంత బాధ కలగలేదు. రెండో పేరంటే తలుపు మూసినట్టు కాదు, ఓరగా వేసినట్టు అంది నాన్నతో. కానీ ప్రతి ఫోనుకీ ఉలిక్కిపడేది. ఎనిమిదో రోజున, సెలవుల్లో దుభాషి పనికి వెళ్లిన ఒక క్లినిక్కులో పెద్దావిడకి రక్తపోటు మందులు ఎలా వాడాలో సైగల్లో చెబుతుండగా జేబులో ఫోను మోగింది. ఆగింది, మళ్లీ మోగింది. పని మధ్యలో ఫోను తియ్యకూడదు. ఏ మాత్ర తినకముందో, ఏది తిన్నాకో రెండుసార్లు చెప్పి, పెద్దావిడ చేత తిరిగి చెప్పించుకుని, బయటికి వచ్చాక చూసుకుని తిరిగి ఫోను చేసింది. ఇద్దరు వేరేచోట చేరిపోయారట, సోమవారం లోపు వచ్చి చేరమని ఆఫీసు వాళ్లు చెప్పారు. ఆమె ముందు సొట్టబుగ్గకి సందేశం పంపింది. తర్వాత ఇంటికి వెళ్లి, వాకిట్లోంచే నాన్నకి చేతులు రెండూ పైకెత్తి చూపించింది. ఆయన మిషను మీంచి పాదం తీసేశాడు.

చదువు మొదలైంది. దుభాషి పని శనివారాలు క్లినిక్కుకే పరిమితం చేసుకుంది. క్లాసులో నిమ్మళం గారు బల్ల పక్కన నిలబడితే, గుండీ సొట్టబుగ్గకి ఎడమపక్క డెస్కులో కూర్చునేది. మొదటి పది రోజులూ పాఠం వింటూ డెస్కు కింద చేతులు ఆడిస్తూనే ఉండేది. వినడం వేరు, పట్టుకోవడం వేరు అని ఆమెకి అప్పుడే తెలిసొచ్చింది. దుభాషి బుర్రలో మాట ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్క నుంచి వెళ్లిపోవాలి, నిలవుంటే తర్వాతి మాటకి చోటుండదు. ఇప్పుడు నిలవుంచుకోవడం నేర్చుకోవాల్సి వచ్చింది.

నెలాఖరున మొదటి పరీక్ష పేపర్లు చేతికిచ్చారు. సొట్టబుగ్గకి ఇరవై అయిదుకి పందొమ్మిది. గుండీకి పదకొండు. గుండీ తన పేపరు మడవబోతే సొట్టబుగ్గ లాక్కుని, పేజీలన్నీ తిప్పి చూసి, పెదవి విరిచింది.

"నాలుగేళ్లూ ఇదంతా నాకు చెప్పింది నువ్వే కదక్కా. వినలేదా?"

గుండీకి నవ్వు ఆగలేదు. ముందు వరుసలో ఉన్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. సొట్టబుగ్గ కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటి లెక్క మీద వేలు పెట్టి, ఇక్కడి నుంచి మొదలుపెడదాం అంది.